హెచ్-ఇండెక్స్ 34 ఉన్న గైడా, 15 ఉన్న గైడా? ఒక సైకియాట్రీ పీజీ ప్రశ్నకు నా జవాబు

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకూ తెలుస్తుంది. ఎం.డి. సైకియాట్రీ చివరి ఏడాది. తర్వాత పీహెచ్‌డీ ఆలోచన. ఇద్దరు ప్రొఫెసర్లు సరేనన్నారు. ఒకరి గూగుల్ స్కాలర్ పేజీలో హెచ్-ఇండెక్స్ 34, సైటేషన్లు (వేరే పేపర్లు ఆయన పేపర్లను ప్రస్తావించిన సార్లు) 9 వేల పైచిలుకు. ఇంకొకరిది హెచ్-ఇండెక్స్ 15, సైటేషన్లు 900 చిల్లర. "సీనియర్లంతా మొదటి సార్ దగ్గరే చేరమంటున్నారు, ఇందులో ఆలోచించాల్సింది ఏమైనా ఉందా?" అని అడిగారు.

ఉంది. ఆ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి తేల్చేసుకోకండి. ఆ 9 వేలు ఏ పేపర్లకు వచ్చాయి, ఆ పేపర్లలో సార్ చేసిన పని ఎంత, ఆయన దగ్గర చదివిన పిల్లల పేర్లు ఎక్కడున్నాయి, ఈ మూడూ చూశాక తేల్చుకోండి. ఒక సాయంత్రం కూర్చుంటే అయ్యే పని. చూశాక మొదటి సారే మేలని తేలినా నాకు ఆశ్చర్యం లేదు. కానీ అప్పుడు మీరు చేసిన పని చూసి చేరినట్టు.

నేను 22 ఏళ్లుగా సైకియాట్రీ చెబుతున్నాను. సెలక్షన్ కమిటీల్లో కూర్చున్నాను, జర్నళ్లకు రివ్యూలు చేస్తాను, ఏటా పీజీల థీసిస్‌లు చూస్తాను. ఒకసారి కమిటీ గదిలో ఒక పెద్దాయన అభ్యర్థి ఫైలు తెరిచి, పేపర్ల జాబితా తిరగేయకుండానే "హెచ్-ఇండెక్స్ ఎంత?" అని అడిగి, ఆ అంకెను పెన్సిల్‌తో మార్జిన్‌లో రాసుకుని ఫైలు మూసేశారు. ఆ అభ్యర్థి ఆరేళ్లపాటు ఊరూరా తిరిగి స్కిజోఫ్రీనియా రోగుల్ని ఫాలో అప్ చేసినవాడు. ఆ సంగతి ఫైలు మూడో పేజీలో ఉంది. అక్కడిదాకా ఎవరూ వెళ్లలేదు. ఆ రోజు నేను గట్టిగా మాట్లాడలేకపోయానన్న బాధ ఇంకా ఉంది, అందుకే మీకు కాస్త పెద్దగా రాస్తున్నాను.

ముందు హెచ్-ఇండెక్స్ లెక్క ఏమిటో చూద్దాం. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త దీన్ని ప్రతిపాదించారు. మన వైద్యరంగం కోసం పుట్టింది కాదు. పేపర్లను సైటేషన్ల ప్రకారం పెద్దది పైన, చిన్నది కింద వరసగా పేర్చాలి. ఒక మనిషివి పది పేపర్లు ఇలా ఉన్నాయనుకోండి: 410, 96, 38, 22, 19, 14, 9, 8, 8, 6. పైనుంచి లెక్కపెట్టుకుంటూ రండి, పేపర్ వరస నంబరుకు తగ్గకుండా సైటేషన్లున్న చివరి స్థానమే హెచ్-ఇండెక్స్. ఎనిమిదో పేపర్‌కి 8 సైటేషన్లున్నాయి, సరిపోయింది. తొమ్మిదో పేపర్‌కి 9 ఉండాలి, 8 మాత్రమే ఉన్నాయి. అక్కడ ఆగుతాం. హెచ్-ఇండెక్స్ 8. మొత్తం సైటేషన్లు 630.

ఇప్పుడు ఆ 410 ఉన్న మొదటి పేపర్‌ను తీసేయండి. మొత్తం 630 కాస్తా 220 అవుతుంది. హెచ్-ఇండెక్స్ మాత్రం? మళ్లీ లెక్కపెట్టండి. కదలకుండా 8 దగ్గరే ఉంటుంది. అంటే మొత్తం సైటేషన్లు ఒక్క పేపర్‌తో కొండెక్కగలవు, హెచ్-ఇండెక్స్‌కు ఆ కొండ కనిపించదు. అందుకే ఈ రెంటిలో ఏ ఒక్కటి చూసినా సగమే తెలుస్తుంది. పేజీ తెరిచి, పేర్చిన వరస మొత్తం చూడాలి.

ఈ లెక్క గొప్ప పనిని ఎలా కప్పేస్తుందో చెప్పాలంటే నాకు ఎప్పుడూ జాన్ కేడ్ గుర్తొస్తాడు. 1949లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ దగ్గర ఒక ఆసుపత్రిలో పనిచేస్తూ, మేనియాతో (అదుపులేని ఉద్రేకంతో) ఉన్న పదిమందికి లిథియం ఇచ్చి, ఏం జరిగిందో ఒక చిన్న పేపర్ రాశాడు. ఆథర్ ఒక్కడే. మనం ఈ రోజు వార్డులో బైపోలార్ రోగి రక్తంలో లిథియం ఎంతుందో చూసే పరీక్షకు పంపించి రిపోర్టు కోసం ఎదురుచూస్తున్నామంటే దాని మొదలు అక్కడుంది. ఆ పేపర్ హెచ్-ఇండెక్స్‌కు కలిపేది ఒకటే ఒకటి.

ఇంకో సంగతి. హెచ్-ఇండెక్స్ తగ్గదు, వయసుతో పాటు పెరుగుతూ పోతుంది. మొదటి సార్ 30 ఏళ్లుగా రాస్తున్నారనుకోండి, 34ని 30తో భాగిస్తే ఏడాదికి 1.1 వస్తుంది. రెండోవారు 12 ఏళ్ల కిందట మొదలుపెట్టి ఉంటే 15ని 12తో భాగిస్తే 1.25. ఇలా భాగించి చూడాలని హిర్ష్ తన మొదటి పేపర్‌లోనే చెప్పారు, ఆ మాట మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. మీ ఇద్దరు సార్ల మొదటి పేపర్ ఏ ఏడాదిదో చూశారా?

సైటేషన్లు ఎలాంటి పేపర్‌కు వచ్చాయన్నది అన్నిటికంటే ముఖ్యం. మన సబ్జెక్టులో సైటేషన్లు కుప్పలుగా పడే చోట్లు కొన్ని ఉన్నాయి.

మొదటిది స్కేళ్లు, అంటే లక్షణాల తీవ్రతను ప్రశ్నలతో కొలిచే పట్టికలు. మాక్స్ హామిల్టన్ 1960లో డిప్రెషన్‌కు రేటింగ్ స్కేలు రాశారు. డిప్రెషన్ మందుల మీద ఎవరు ట్రయల్ చేసినా దాన్ని వాడతారు, వాడినవాళ్లు సైట్ చేస్తారు. అలా పదివేలకు పైగా సైటేషన్లు పడ్డాయి. 1975లో ఫోల్‌స్టీన్ వాళ్లు రాసిన, జ్ఞాపకశక్తి లాంటివి పరీక్షించే మినీ మెంటల్ స్టేటస్ కూడా అంతే, 2001లో వచ్చిన తొమ్మిది ప్రశ్నల డిప్రెషన్ స్కేలు పీహెచ్‌క్యూ-9 కూడా అంతే. ఇవి గొప్ప పనులే, సందేహం లేదు. కానీ సైట్ చేసినవాళ్లంతా చదివి చేశారనుకోకండి. హామిల్టన్ ఆ పేపర్‌లో, ఈ స్కేలు ఇప్పటికే డిప్రెషన్ అని నిర్ధారణ అయిన రోగుల కోసం మాత్రమే అని స్పష్టంగా రాశారు. అదే పేపర్‌ను సైట్ చేస్తూ, కొత్త రోగులకు డిప్రెషన్ ఉందో లేదో తేల్చడానికి ఆ స్కేలే వాడిన థీసిస్‌లు నా చేతిమీదుగా ఎన్నో వెళ్లాయి. వెనక్కి పంపి, అసలు పేపర్ చదివి రమ్మన్నాను.

రెండోది కన్సార్షియం పేపర్లు, అంటే చాలా సంస్థలు జట్టుకట్టి వేసేవి. స్కిజోఫ్రీనియా జన్యువుల మీద సైకియాట్రిక్ జీనోమిక్స్ కన్సార్షియం 2014లో నేచర్‌లో వేసిన పేపర్ తీసుకోండి. దాదాపు 37 వేలమంది రోగుల డీఎన్‌ఏ పోల్చి 108 చోట్ల తేడాలు పట్టుకున్నారు. ఒక్క దేశం చేయగలిగిన పని కాదది. ఆథర్లు వందల్లో ఉంటారు, వేల సైటేషన్లు వస్తాయి, అవి ఆ వందలమంది ఖాతాలోనూ పూర్తిగా పడతాయి. ప్రపంచంలో ఏ జబ్బు భారం ఎంతో లెక్కకట్టే గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ పేపర్లూ ఇలాంటివే. ఒక మనిషి ఇలాంటి పది పేపర్లలో యాభయ్యో అరవయ్యో పేరుగా ఉన్నా సైటేషన్లు వేలల్లోకి వెళ్లిపోతాయి. అందులో తప్పేమీ లేదు, శాంపిళ్లు పంపడం కూడా పనే. కానీ మీరు ఆయన దగ్గర చేరితే నేర్చుకునేది ఆ పేపర్‌లోని జన్యుశాస్త్రమా, శాంపిళ్లు పంపే పద్ధతా? అది అడగాలి.

మూడోది రివ్యూలు, గైడ్‌లైన్లు. ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ వాళ్ల క్లినికల్ ప్రాక్టీస్ గైడ్‌లైన్లు ఇండియన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో వస్తాయి కదా, మనమందరం ఓపీలో వాడతాం, సైట్ చేస్తాం. ఒక మంచి రివ్యూకి అసలు ట్రయల్ కంటే ఎక్కువ సైటేషన్లు రావడం మామూలు. 2018లో లాన్సెట్‌లో చిప్రియాని బృందం 522 ట్రయళ్లను కలిపి 21 డిప్రెషన్ మందులను పోల్చింది. ఆ ఒక్క పేపర్ పేరు అందరికీ తెలుసు. ఆ 522 ట్రయళ్లలో రోగుల ఇళ్లకు ఫోన్లు చేసి, రానివాళ్లను బతిమాలి తెచ్చినవాళ్ల పేర్లు చాలావరకు ఎవరికీ గుర్తులేవు.

ఇక నాలుగో రకం. రాసినవాళ్లే స్వయంగా రోగుల్ని చూసి, డేటా తెచ్చి, లెక్కకట్టి రాసిన పేపర్లు. సైటేషన్లు మెల్లగా వస్తాయి, తక్కువగా వస్తాయి. మీ రెండో సార్ పేపర్లు ఎక్కువగా ఇవే అయితే ఆ 900 నా దృష్టిలో చిన్న అంకె కాదు.

దీనికి నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. పదేళ్ల కిందట మేం ఒక స్కేలును తెలుగులోకి తేవాలని కూర్చున్నాం. ముందు నిఘంటువు చూసి "నిరాశగా అనిపిస్తోందా?" అని రాసుకున్నాం. మొదటి రోజు ఓపీలో ఒక పెద్దావిడ, చీర కొంగు వేళ్లకు చుట్టుకుంటూ, "నిరాశంటే ఏంది సారూ?" అని అడిగింది. "మనసుకి దిగులుగా ఉంటోందా అమ్మా?" అంటే కొంచెం తలాడించింది. మాతో ఉన్న మెదక్ వైపు సిస్టర్ ముందుకొచ్చి "రంధి ఉంటుందా అమ్మా, మనాది పట్టుకుందా?" అనేసరికి ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుని పావుగంట చెప్పింది. కొడుకు పోయి ఎనిమిది నెలలు, అన్నం సయించదు, తెల్లవారుజాము మూడింటికే మెలకువ. ఆ తర్వాత మేం ప్రతి ప్రశ్ననూ కోస్తావాళ్లతో ఒకసారి, రాయలసీమవాళ్లతో ఒకసారి, తెలంగాణవాళ్లతో ఒకసారి చదివించాం. ఒకచోట బెంగ, ఒకచోట బేజారు, ఒకచోట రంధి. ఏడాదిన్నర పట్టింది. ఆ పేపర్‌కు ఇప్పటికి 11 సైటేషన్లు. నా పేజీలో కింద ఎక్కడో ఉంటుంది. నేను చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే, ఎందుకంటే దాని తర్వాత మా ఓపీలో ప్రశ్న అడిగే తీరు మారింది.

మన భాషలో, మన ఊళ్లలో ఇలాంటి పని ఎంత అవసరమో ఒక్క సంగతితో చెబుతాను. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. దేశంలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఆ సమయంలో ఏదో ఒక మానసిక సమస్య ఉందన్న అంకె అక్కడిదే, మనందరం థీసిస్ మొదటి పేరాలో సైట్ చేసేది. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. ఆ 12లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. మన వాళ్ల గురించి మన దగ్గరే డేటా పోగుచేసే గైడ్ దొరికితే సైటేషన్లు తక్కువని వదులుకోకండి.

పేపర్లకు ఎక్కని ప్రభావం కూడా ఉంటుంది, మన సబ్జెక్టులో అది మరీ ఎక్కువ. 1980ల్లో నిమ్హాన్స్ నుంచి ఆర్. శ్రీనివాసమూర్తి, మోహన్ ఐజాక్ లాంటివాళ్లు బళ్లారి జిల్లాలో ఒక ప్రయోగం చేశారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, హెల్త్ వర్కర్లకు శిక్షణ ఇచ్చి, మానసిక రోగులకు వాళ్ల ఊరి దగ్గరే మందు దొరికేలా చూశారు. అనంతపురం పక్కనే ఉన్న జిల్లా, అక్కడి ఓపీల్లో తెలుగు కూడా వినిపిస్తుంది. ఆ బళ్లారి నమూనా మీదే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. తొలి విడతలో దేశం మొత్తం మీద నాలుగు జిల్లాలు తీసుకుంటే, అందులో మన మెదక్ ఒకటి. ఈ రోజు మీరు జిల్లా ఆసుపత్రిలో పోస్టింగ్ చేస్తూ రిస్పెరిడోన్ ఉచితంగా రాసిస్తున్నారంటే దాని వెనక ఆ పని ఉంది. మూర్తిగారు 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మానసిక ఆరోగ్యం మీద తెచ్చిన వరల్డ్ హెల్త్ రిపోర్టుకు ప్రధాన సంపాదకులు కూడా. ఆ పని విలువను ఏ హెచ్-ఇండెక్స్‌తో కొలుస్తాం? ప్రభుత్వ ఉత్తర్వులు స్కోపస్ లాంటి సైటేషన్లు లెక్కకట్టే డేటాబేసుల్లో ఇండెక్స్ కావు.

రెండూ కలిసొచ్చిన మనుషులూ ఉన్నారు. విక్రమ్ పటేల్ పేరు మీకు తెలిసే ఉంటుంది. గోవాలో 1996లో సంగాత్ సంస్థ పెట్టినవాళ్లలో ఒకరు. ప్రపంచంలో ఎక్కువగా సైట్ అయ్యే సైకియాట్రిస్టుల్లో ఆయన ఉంటారు. అంకె చూసి ఆగకుండా ఒక్క పేపర్ తెరవండి, 2010లో లాన్సెట్‌లో వచ్చిన మానస్ ట్రయల్. గోవాలో 24 చోట్ల చేశారు, 12 ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలు, 12 ప్రైవేటు క్లినిక్కులు. సైకియాట్రీ చదవని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి కౌన్సెలర్లుగా పెట్టారు. ప్రభుత్వ కేంద్రాల్లో డిప్రెషన్, ఆందోళన సమస్యల నుంచి ఆరు నెలలకు కోలుకున్నవాళ్లు కౌన్సెలర్లున్నచోట సుమారు 66 శాతం, లేనిచోట 42 శాతం. ప్రైవేటు క్లినిక్కుల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ రాలేదన్న సంగతిని దాచకుండా అదే పేపర్‌లో రాశారు. నేను గైడ్‌ను ఎంచుకోవాల్సి వస్తే వెతికేది ఇదే. తను అనుకున్నది జరగనప్పుడు ఆ మాట తన పేపర్‌లో తనే రాసిన మనిషా, కాదా?

సైటేషన్ ఎక్కువైనంత మాత్రాన మాట నిజమైపోదు. లండన్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీలో పనిచేసిన హాన్స్ ఐసెంక్ 1997లో పోయేనాటికి బతికున్న మనస్తత్వ శాస్త్రవేత్తల్లో అత్యధికంగా సైట్ అయిన వ్యక్తిగా పేరు. 2019లో కింగ్స్ కాలేజీ లండన్ విచారణ జరిపి, మనిషి స్వభావానికీ క్యాన్సర్‌కూ గుండెజబ్బుకూ ముడిపెట్టి ఆయన సహ ఆథర్‌గా రాసిన 26 పేపర్లు నమ్మదగినవి కావని తేల్చింది. తర్వాత వాటిలో కొన్నిటిని జర్నళ్లు వెనక్కి తీసుకున్నాయి. అప్పటిదాకా వాటిని సైట్ చేసినవాళ్ల సంగతేమిటి? సైటేషన్ లెక్కకు మెచ్చుకోలు, విమర్శ తేడా తెలియదు. "ఈ పేపర్ తప్పు" అని రాసినా అది ఇంకో సైటేషనే.

మోసం లేకుండా కూడా ఇలా జరుగుతుంది. డిప్రెషన్ చికిత్స మీద 2006లో వచ్చిన స్టార్-డి ట్రయల్ ఫలితం మనమందరం పాఠంలా చెప్పాం. ఒక మందు పనిచేయకపోతే ఇంకోటి, నాలుగు మెట్లు దాటేసరికి 67 శాతం మంది పూర్తిగా కోలుకుంటారని. 2023లో వేరే బృందం అదే డేటాను, ముందు రాసుకున్న ప్రొటోకాల్ ప్రకారం మళ్లీ లెక్కకడితే 35 శాతమే వచ్చింది. అసలు ట్రయల్ చేసినవాళ్లు దీన్ని ఒప్పుకోలేదు, వాదన నడుస్తోంది. నేను మాత్రం క్లాసులో ఇప్పుడు రెండు అంకెలూ చెబుతున్నాను.

ఇక పేజీలోని అంకెలు అసలు ఆ మనిషివేనా? నవ్వులాటకు అనడం లేదు. గూగుల్ స్కాలర్ పేరు చూసి పేపర్లను దానంతటదే చేర్చుకుంటుంది. నా పేజీలో రెండేళ్లపాటు వేరుశనగలో తిక్క ఆకుమచ్చ తెగులు మీద ఒక పేపర్ ఉండిపోయింది. నా పొడి అక్షరాలే ఉన్న ఇంకొకరిది. దానికి మంచి సైటేషన్లు. ఒక పీజీ చూసి చెప్పేదాకా నేను గమనించలేదు, ఆ రోజే తీసేశాను. తీసేయనివాళ్లూ ఉంటారు.

ఉల్టా సమస్య కూడా ఉంది, మన తెలుగువాళ్లకు మరీ. మన ఇంటిపేరు ముందు వస్తుంది, పొడి అక్షరంగా కుదించుకుంటాం. వైద్య పేపర్లను వెతికే పబ్‌మెడ్ చివరి ముక్కను ఇంటిపేరు అనుకుంటుంది. దాంతో రావులు, రెడ్లు, కుమార్లు, ప్రసాదులు వేలమంది ఒకే గంపలో పడతారు. ఒకే మనిషి పేపర్లు రెండు మూడు పేర్ల కింద చీలిపోతాయి. నిమ్హాన్స్‌లో ఓసీడీ మీద ఎంతో పనిచేసిన వై.సి. జనార్దన్ రెడ్డి గారి పేపర్లు కొన్నిచోట్ల "రెడ్డి వై.సి.జె." అని, కొన్నిచోట్ల "జనార్దన్ రెడ్డి వై.సి." అని కనిపిస్తాయి. ఒక్క పేరుతో వెతికి ఆగిపోతే సగం పని కనిపించదు. మీ రెండో సార్ 15 కూడా ఇలా చీలిపోయిన 15 ఏమో చూడండి.

పైగా ఒకే మనిషికి గూగుల్ స్కాలర్‌లో ఒక అంకె, స్కోపస్‌లో ఒకటి, వెబ్ ఆఫ్ సైన్స్‌లో ఇంకొకటి ఉంటుంది. గూగుల్ థీసిస్‌లను, ప్రిప్రింట్లను (రివ్యూకు ముందే బయటపెట్టిన ప్రతుల్ని), పుస్తకాలను కూడా లెక్కేస్తుంది కాబట్టి సాధారణంగా అన్నిటికంటే పెద్ద అంకె దానిదే. ఒకరిది గూగుల్‌లో, ఒకరిది స్కోపస్‌లో చూసి పోల్చొద్దు.

"ఆ సార్ ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తల్లో ఉన్నారట" అని కూడా రాశారు. మన దినపత్రికల్లో ఏటా ఫోటోలతో వస్తుంది. అది స్టాన్‌ఫర్డ్‌కు చెందిన జాన్ అయోనిడిస్ బృందం స్కోపస్ డేటాతో తీసే జాబితా. నిజానికి ఆ జాబితాలో ఒక మంచి గుణం ఉంది. అది వాడే ఆరు కొలతల్లో మొదటి ఆథర్‌గా, చివరి ఆథర్‌గా, ఒంటరిగా రాసిన పేపర్లకు ప్రత్యేకంగా చోటిచ్చింది, సహ ఆథర్ల సంఖ్యను కూడా లెక్కలోకి తీసుకుంది. తన పేపర్లను తనే సైట్ చేసుకున్నవి తీసేస్తే ఏమవుతుందో కూడా చూపిస్తుంది. కానీ అందులో రెండు జాబితాలుంటాయి, మొత్తం కెరీర్‌కు ఒకటి, ఒక్క ఏడాదికి ఒకటి. వార్తలో ఏ జాబితానో రాయరు. ఆ ఎక్సెల్ షీటు ఎవరైనా దించుకోవచ్చు. మీరే దించుకుని, సార్ పేరు ఏ జాబితాలో ఉందో చూసుకోండి.

సరే, ఆ సాయంత్రం ఏం చేయాలంటే. ఇద్దరి పేజీల్లోనూ పైనున్న పది పేపర్లు ఒక కాగితం మీద రాసుకోండి. ఒక్కో పేపర్ ఎదురుగా మూడు సంగతులు: స్కేలా, రివ్యూనా, కన్సార్షియమా, సొంత డేటానా, మొత్తం ఆథర్లు ఎంతమంది, సార్ ఎన్నో పేరు. మన రంగంలో మొదటి పేరు సాధారణంగా చేతులతో పనిచేసినవాళ్లది, చివరి పేరు ఆలోచన, అండ ఇచ్చిన పెద్దవాళ్లది. మధ్యలో ఉన్నవాళ్ల గురించి ఆ వరస ఏమీ చెప్పదు.

తర్వాత పబ్‌మెడ్‌లో ఆ పేపర్ల నంబర్లు తీసుకుని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల వాళ్ల ఐసైట్ అనే ఉచిత పేజీలో వేయండి. అది ప్రతి పేపర్‌ను అదే రంగంలో, అదే కాలంలో వచ్చిన వాటితో పోల్చి ఒక నిష్పత్తి ఇస్తుంది. 1 అంటే వాళ్ల నిధులతో వచ్చిన పేపర్ల నడిమి స్థాయి. మన జిల్లా కాలేజీ నుంచి వచ్చిన పేపర్‌కు 0.8 వచ్చినా నేను గౌరవంగా చూస్తాను. న్యూరోఇమేజింగ్ పేపర్‌కూ, ఊళ్లో చేసిన ఆత్మహత్యల అధ్యయనానికీ ఒకే గీటురాయి పెట్టకుండా ఇది కొంత కాపాడుతుంది.

ఆ తర్వాత అన్నిటికంటే విలువైన పని. గత పదేళ్లలో సార్ చివరి ఆథర్‌గా ఉన్న పేపర్లు వెతికి, మొదటి పేరు ఎవరిదో చూడండి. అక్కడ పీజీలు, పీహెచ్‌డీ విద్యార్థుల పేర్లు మళ్లీ మళ్లీ కనిపిస్తే ఆ గైడ్ దగ్గర పిల్లలు ఎదుగుతున్నట్టు. అక్కడ కూడా సార్ పేరే మొదట ఉండి, పిల్లల పేర్లు మధ్యలో నలిగిపోతే జాగ్రత్త పడండి. నా థీసిస్ మీద వచ్చిన మొదటి పేపర్‌లో నా పేరు మూడోది. 120 మంది రోగుల్ని రెండేళ్లు నేను ఇంటర్వ్యూ చేశాను, రాత్రిళ్లు డేటా నేను ఎక్కించాను. ముందున్న ఇద్దరిలో ఒకరు ఒక్క రోగినీ చూడలేదు. అప్పుడు అడగడానికి భయపడ్డాను. మీరు భయపడొద్దు. మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ ఆథర్‌గా ఉండాలంటే నాలుగు షరతులు పెట్టింది: అధ్యయనం రూపకల్పనలోనో డేటాలోనో లెక్కల్లోనో చెప్పుకోదగ్గ పాత్ర, రాయడంలోనో సరిదిద్దడంలోనో పాత్ర, చివరి ప్రతికి ఆమోదం, రాసినదానికి జవాబుదారీ. నాలుగూ ఉండాలి. ఆ కాగితం ముందుపెట్టుకుని మాట్లాడితే ఏ మంచి గైడూ తప్పుపట్టరు.

ఇద్దరినీ కలిసినప్పుడు ఈ ప్రశ్నలు అడగండి. సార్, మీ దగ్గర పీహెచ్‌డీ పూర్తిచేసినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు, వాళ్లతో నేను మాట్లాడొచ్చా? డేటా ఎవరి దగ్గర ఉంటుంది? ఫలితం రాకపోతే పేపర్ వేద్దామా, వద్దా? మూడో ప్రశ్నకు ఆయన ఏమంటారో జాగ్రత్తగా వినండి. "ఏ ఫలితమైనా వేద్దాం" అని తడుముకోకుండా అన్న గైడ్ దగ్గర నేనైతే హెచ్-ఇండెక్స్ అడగకుండా చేరతాను.

మొదటి సార్ పక్షాన కూడా ఒక మాట. పెద్ద బృందాల్లో ఉన్న గైడ్ దగ్గర గ్రాంట్లు ఉంటాయి, లెక్కలు నేర్పే స్టాటిస్టీషియన్ ఉంటారు, బయటి దేశాల వాళ్లతో పరిచయాలు దొరుకుతాయి. పీహెచ్‌డీ నాలుగైదేళ్లు స్టైపెండ్ ఆగకుండా రావడం చిన్న విషయం కాదు, ఇల్లు నడపాల్సినవాళ్లకు మరీ. పైన చెప్పినవన్నీ చూశాక ఆయన దగ్గర పిల్లల పేర్లు ముందుంటే సందేహం లేకుండా వెళ్లండి.

ఈ ఇద్దరిలో ఎవరి దగ్గర చేరినా, థీసిస్ పేపర్ పంపే ముందే ఒక పని చేసుకోండి. పరిశోధకులకు గుర్తింపు నంబరిచ్చే ఓర్కిడ్‌లో మీ పేరు నమోదు చేసుకుని 16 అంకెల నంబరు తీసుకోండి, ఉచితం, ఐదు నిమిషాలు. మీ ఇంటిపేరు ముందుండాలా, వెనకుండాలా, పూర్తిగా రాయాలా, పొడి అక్షరమా అన్నది ఇప్పుడే తేల్చుకుని అన్ని పేపర్లలోనూ అదే రాయండి. నేను నా మొదటి ఆరు పేపర్లలో పేరు నాలుగు రకాలుగా రాశాను, వాటిని ఒకచోటికి చేర్చడానికి స్కోపస్ వాళ్లకు మూడు నెలలు మెయిళ్లు రాశాను. ఇద్దరి పది పేపర్ల జాబితా తయారయ్యాక, పేర్లు తీసేసి ఇక్కడే పెట్టండి, కూర్చుని చూసి చెబుతాను.